ఏజెన్సీ అంటే ఒక నేల

ఖమ్మం బజారులో ఏజెన్సీ అంటే గ్యాస్ ఏజెన్సీయో, సిమెంటు ఏజెన్సీయో. పాల్వంచ దాటి, సారపాక మీదుగా గోదావరి వంతెన ఎక్కేసరికి ఆ మాట అర్థమే వేరు. చర్ల, దుమ్ముగూడెం బస్సులో ఎవరైనా "మాది ఏజెన్సీ" అన్నారంటే చెబుతున్నది పుట్టిన నేల సంగతి.

అడవికీ, కోయగూడేలకూ, కొండరెడ్ల ఊళ్లకూ కలిపి ఈ ఇంగ్లీషు పేరు పడటం వెనక ఒక చట్టం ఉంది. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండసీమలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది. అక్కడ కలెక్టరే మద్రాసు గవర్నరుకు ఏజెంటు. ఏజెంటు ఏలే నేల గనక ఏజెన్సీ. భద్రాచలం తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి గోదావరి జిల్లాకు మారి, ఆ జిల్లా ఏజెన్సీలో భాగమైంది. ఆ తర్వాత 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, ఏజెన్సీ అన్న పేరు మాత్రం నిలిచింది. ఇంగ్లీషులో ఈ అర్థం చాలావరకు పాతబడింది. ఇక్కడ అది రోజువారీ తెలుగు.

ఈ మాటను మైదానంలో పలికే తీరు మనసును నొప్పిస్తుంది. ఉద్యోగికి ఏజెన్సీ బదిలీ అంటే శిక్ష. వానాకాలం పత్రికల్లో ఏజెన్సీ అంటే జ్వరాలు, తెగిన దారులు. ఆ కష్టాలు నిజమే. కానీ గూడెంలో ఇదే మాటకు మరో బలం ఉంది. కొండజాతివారి భూమి ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా బయటివారికి బదిలీ అయితే చెల్లదని 1917 చట్టం చెప్పింది. దాని స్థానంలో 1959 నిబంధన వచ్చింది. 1963లో అది ఒకనాటి నిజాం ఏలుబడిలోని తెలంగాణ గిరిజన ప్రాంతాలకూ విస్తరించింది. 1970లో మరింత గట్టిపడింది. గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి కొనుక్కోకూడదు. వేరుగా రుజువయ్యేదాకా, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. ఊళ్లో అందరూ 1/70 అనేది దీన్నే. ప్రభుత్వానికీ ఈ కట్టడి వర్తిస్తుందని, గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. భూమి అప్పీళ్లు వినేటప్పుడు కలెక్టరు నేటికీ ఏజెంటే.

అందుకే ఏజెన్సీని వెనకబాటుకు మారుపేరుగా వాడటం అన్యాయం. అది ఒక హద్దు, ఆ హద్దు లోపల పోడు చేసుకునే మనిషికి ఒక హక్కు.

ఇవాళ సామాజిక శాస్త్రాల్లో ఏజెన్సీ అంటే మనిషి తన బతుకును తానే నిర్ణయించుకోగల శక్తి. 1839 నాటి అర్థం దీనికి పూర్తిగా ఎదురు. అప్పుడు ఒకరి తరఫున మరొకరు ఏలేవారు. ఇప్పుడు మాట ఊరిది కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇక్కడ భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యమూ వాటికి దక్కాలి. ఆ సభలో కోయ రైతు మాటకు విలువ దక్కినప్పుడే, పరాయి పాలకులు పెట్టిపోయిన ఈ పేరు ఆ ఊరివాళ్ల సొంతమవుతుంది.