మార్గశిరంలో దోనె మీద

ట్రోలింగ్ అంటే మనకి తెలిసింది ఒక్కటే కదా. ఫేస్‌బుక్‌లో ఎవరో పాపం ఫొటో పెట్టుకుంటే పదిమంది చేరి ఆడిపోసుకోవడం. పోయిన డిసెంబరులో మా అబ్బాయి సియాటిల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఆదివారం ఫ్రెండ్స్‌తో ట్రోలింగ్‌కి వెళ్లాం" అన్నాడు. "ఎవర్ని రా?" అన్నాను. వాడు పడీ పడీ నవ్వి, అప్పుడు చెప్పాడు. చిన్న సరస్సులో పడవని మెల్లగా నడుపుకుంటూ, వెనక గేలం లాక్కుంటూ పోవడమట. ట్రౌట్ అనే చేప కోసం. అంత చలిలో!

"ఇదేగా మీ తాతయ్య చేసేది" అన్నాను.

మాది పామిడిముక్కల. మా పొలం గట్టున ఎకరంన్నర చెరువుంది. ఒకప్పుడు శీలావతి, బొచ్చె పెంచుదామని తవ్వించారు. అది సాగలేదు. తామర పట్టింది, గుర్రపుడెక్క పట్టింది, కాలువ నీళ్లతోపాటు వచ్చిన కొరమీనులు కాపురం పెట్టాయి. మామయ్య గారికి అది చాలు. ఆయనకో తాటి దోనె ఉంది, కొల్లేరు వైపు నుంచి తెప్పించింది. ఇద్దరికి మించి పట్టరు. ఒకరు ముందు గెడ వేస్తుంటే, ఒకరు వెనక గేలం పట్టుకుని కూర్చోవాలి.

ఆయన గేలం పట్టేది చలికాలంలోనే. వానాకాలంలో కొరమీను గుడ్లు పెడుతుంది. ఎర్రటి బుల్లి పిల్లలు నీటి మీద బంతిలా గుంపు కట్టి తిరుగుతుంటే, కింద పెద్ద చేప కాపలా కాస్తుంటుంది. అప్పుడు గేలం వేస్తే కోపంతో ఎగిరి మింగేస్తుందట, పట్టడం చాలా సులువట. "పిల్లలున్న ఇంట్లో దొంగతనం చేస్తామా?" అంటారాయన. కార్తీకంలో ఇంట్లో నీచు వండం. కాబట్టి పోలి పాడ్యమి వెళ్లాకే దోనె నీళ్లలోకి దిగేది. అప్పుడు కూడా సోమవారం వద్దు, మార్గశిర లక్ష్మివారం వద్దు, శనివారం వద్దు అంటాను నేను. "చేపలకి నీ వారాలు తెలియవు అమ్మాయ్" అంటూనే మానేస్తారు.

గెడ వేసే పని మా అత్తయ్య గారిది. ఆవిడ పోయాక రెండు చలికాలాలు దోనె వేపచెట్టు కింద బోర్లా పడి ఉంది. తర్వాత మామయ్య గారికి గుండెకి స్టెంటు వేశారు. మంచులో ఒంటరిగా తిరగొద్దన్నారు డాక్టరు. పోయినేడు ఒకరోజు చూద్దును కదా, ఆయన ఆ దోనెని ఒక్కరే తిరగేస్తున్నారు. వద్దంటే వినే మనిషి కాదు. మావారు విజయవాడలో ఉద్యోగం, ఆదివారం తప్ప దొరకరు. చీర కుచ్చిళ్లు ఎగదోపి నేనే ఎక్కాను. మినుము చేలో ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు!

మొదటి వారం ఒక్క చేపా పడలేదు. నేను వేగంగా తోస్తున్నానట. చలికి నీళ్లు చల్లబడితే చేప ఒళ్లు కూడా చల్లబడుతుంది, బద్ధకంగా ఉంటుంది, ఆకలి తక్కువ. ఎర ముక్కు ముందు నుంచి నింపాదిగా పోతే తప్ప నోరు తెరవదు. అందుకే మంచు విడిచి ఎండ తగిలాక తొమ్మిదింటికి వెళ్లేవాళ్లం, ఎండ పడే గట్టు వైపు. బతికున్న చిన్న పరిగెని పెదవి దగ్గర గేలానికి గుచ్చి, ఆరేడు బారల తాడు వెనక వదిలి, తామరాకుల అంచునే పోవాలి. పొయ్యి మీద పాలు కాగడానికి పెట్టి ఎదురుచూస్తామే, ఆ నిదానం కావాలి. ఆ విద్య మనకి కొత్తా?

మా వాడి ట్రౌట్ సంగతి వేరట. దానికి చల్లటి నీళ్లే కావాలి. మన చెరువులో వేస్తే ఎండాకాలం దాటదు. ఇంగ్లీషు వాళ్లు తెచ్చి నీలగిరుల్లో వేస్తే అక్కడ బతికింది, ఆ చలికి. కొరమీను దీనికి పూర్తిగా తిరగబడి. నీళ్లు వేడెక్కినా, బురదయినా బతుకుతుంది, ఎందుకంటే పైకొచ్చి గాలి పీలుస్తుంది. బజారులో పళ్లెంలో కాసిని నీళ్లు పోసి పెడితే గంటలకొద్దీ కదులుతూ ఉంటుందే, అందుకే. కానీ రాత్రంతా వలలో చిక్కి పైకి రాలేకపోతే, నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. మామయ్య గారు అది చెప్పి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

దోనెలో ఒకరి మొహం ఒకరికి కనపడదు. నేను ముందుకి చూస్తాను, ఆయన వెనక్కి. అందుకేనేమో, ఇంట్లో పదిహేనేళ్లలో చెప్పని మాటలు అక్కడ చెప్పారు. అత్తయ్య గారిది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆవిడ పుట్టింటి వాళ్లు కొట్టుకుపోయారు. పెళ్లయి ఏడాదయినా కాలేదు. ఆ తర్వాత ఆవిడ చేప ముట్టలేదు, నీళ్ల దగ్గరికి పోలేదు, కాలువ గట్టు మీద నడవాల్సి వస్తే మొహం తిప్పుకునేవారట. మరుసటి చలికాలం మామయ్య గారు ఏమీ అనకుండా గెడ తెచ్చి ఆవిడ చేతికిచ్చారట. "లోతెంతో నువ్వే చూసుకో" అన్నారట. చెరువు నడుమ కూడా నడుము లోతే. ఆరోజు ఆవిడ దోనె కట్టిన చోటు నుంచి పది బారలు తోసి వెనక్కి వచ్చేశారట. సంక్రాంతికి అవతలి గట్టు దాకా వెళ్లారట.

ఆ గెడే ఇప్పుడు నా చేతిలో ఉంది.

ఈ ఏడు ఆ చెరువు లీజుకి ఇవ్వాలన్న మాట వచ్చింది. అమ్మాయి పీజీ ఫీజు కట్టాలి. తీసుకునేవాళ్లు మంచి ధరే చెప్పారు. కానీ కొత్త పిల్ల వెయ్యాలంటే ముందు పాత చేపలన్నీ పోవాలి, ముఖ్యంగా కొరమీను, అది పిల్లల్ని తినేస్తుంది కనుక. నీళ్లు తగ్గించి ఇప్పపిండి చల్లుతారు. మావారు రెండు రాత్రులు నాతో గుసగుసలాడారు, నాన్నగారికి ఎలా చెప్పడం అని. అది కొడుకు చెప్పాల్సిన మాట, కోడలు మోసుకుపోయే మాట కాదు అన్నాను. చెప్పారు. మామయ్య గారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "పిల్ల చదువు కన్నానా?" అన్నారు. అంతే. రోషం లేదు, నిట్టూర్పు లేదు. నాకు ఆ నిట్టూర్పు లేకపోవడమే గుచ్చుకుంది.

మర్నాడు దోనెలో అడిగారు, "ఇప్పపిండి ఎప్పుడు చల్లుతారట?" అని. సంక్రాంతి వెళ్లాక అన్నాను. "అయితే నెల ఉంది" అన్నారు.

అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాం. లక్ష్మివారం కూడా, వండడానికి కాదు కదా! పడ్డ చేపని తడి గోనెపట్టా కప్పిన బకెట్టులో వేసి, కాలువలో వదిలేసి వస్తున్నాం. ఇప్పటికి పదకొండు. ఒకటి మాత్రం గేలం లోపలికి మింగేసింది, ఇక బతకదని పులుసు పెట్టాను. మట్టిదాకలో, చింతపండు కాస్త ముందుకేసి. బూడిద రాసి తోముతుంటే చేతిలోంచి జారిపోతూనే ఉంది. మలేషియాలో ఈ చేపనే హరువాన్ అంటారట, కాన్పయిన వాళ్లకీ ఆపరేషన్ అయిన వాళ్లకీ గాయం మానుతుందని పెడతారట. మామయ్య గారికి ఆ సంగతి చెప్పి రెండో ముక్క వేశాను. మర్నాటికి పులుసు ఇంకా బాగుంది, ఎప్పుడూ అంతే.

నడిగట్టు తామర దగ్గర ఒక ముసలిది ఉంది. రెండుసార్లు తాడు తెంపుకుపోయింది. దాన్ని పట్టకుండా లీజు కాయితం మీద సంతకం పెట్టనంటున్నారు. ఈ ఆదివారం మావారు కూడా వస్తానన్నారు. దోనెలో ముగ్గురు పట్టరు, గట్టు మీద బకెట్టు పట్టుకుని నిలబడమన్నాను.