తాబేళ్లు నాటుతున్న అడవి

మారిషస్ అనగానే మనవాళ్లకు హనీమూన్ ప్యాకేజీ గుర్తొస్తుంది. షమరెల్‌లో ఏడు రంగుల మట్టి చూపిస్తారు. బాగానే ఉంటుంది, పావుగంటలో అయిపోతుంది. కాసెలా పార్కులో సింహాలు, జీబ్రాలు. ఆఫ్రికా జంతువుల కోసం ఇంత దూరం ఎందుకు? ఈ నేలకంటూ సొంతమైన ప్రాణులను చూడాలంటే ఆగ్నేయ తీరాన మహేబూర్ దగ్గరున్న ఈల్ ఓ జెగ్రెత్ అనే చిన్న దీవికి వెళ్లాలి.

పడవెక్కి కాస్త కుదురుకునేలోపే ఒడ్డు వచ్చేస్తుంది. 26 హెక్టార్ల పగడపు రాతి దిబ్బ అది. మన ఇష్టానికి తిరగనివ్వరు, మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ గైడ్ వెంట నడవాల్సిందే. మా గైడ్ ముత్తాతలు కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లట. తెలుగు రాదు గానీ, మేం ఎక్కడివాళ్లమో తెలియగానే ఉగాది తమ దేశంలోనూ సెలవేనని ఇంగ్లిషులో సంబరంగా చెప్పాడు.

1598లో డచ్చివారు మారిషస్‌కు వచ్చాక ఇక్కడి అడవికి గొడ్డలి పడింది. మొదట పోయింది నల్లచేవ ఉండే ఎబొనీ. మన బీడీ ఆకు తునికికి చుట్టమే ఈ చెట్టు. డోడో పక్షి వందేళ్లయినా నిలవలేదు. తిండీ నీళ్లూ లేకున్నా నెలల తరబడి బతుకుతాయని నావికులు తాబేళ్లను ప్రాణంతోనే ఓడల్లోకి ఎక్కించుకునేవారు. చివరికి ఇక్కడి రెండు జాతుల పెద్ద తాబేళ్లూ అంతరించాయి. దాంతో ఎబొనీ పండ్లను తిని గింజలను దూరంగా వేసే జీవి లేకుండా పోయింది. పండ్లు రాలిన చోటే కుళ్లేవి.

అందుకే 2000లో అల్దాబ్రా జాతి పెద్ద తాబేళ్లను ఈ దీవికి తెచ్చి వదిలారు. ఇప్పుడవి పండ్లు తిని, తిరిగిన చోటల్లా గింజలు విసర్జిస్తున్నాయి. బాట పక్కన జానెడు ఎబొనీ మొక్కలు చూపించి, "ఇవి మేం నాటినవి కావు" అన్నాడు గైడ్. ఆ పక్కనే రోలంత తాబేలొకటి బాటకు అడ్డంగా పడుకుని ఉంది. మెడ కింద మెల్లగా గోకితే నాలుగు కాళ్ల మీదా లేచి, మెడ నిటారుగా చాచి నిలబడింది. గోకడం ఆపేదాకా కదల్లేదు.

ఈ నేలకే సొంతమైన గులాబీ పావురం ఒకటి కొమ్మ మీద కనిపించింది. 1990 ప్రాంతంలో అడవిలో మిగిలినవి పదో పన్నెండో. ఈ దీవికి ఆపదలు మాత్రం తప్పలేదు. 2020లో వాకాషియో ఓడ నుంచి చమురు కారి ఈ దిబ్బ అంచులకూ అంటింది. అప్పుడు నర్సరీ మొక్కలను హడావిడిగా ప్రధాన దీవికి తరలించారు.

మారిషస్‌లో ఒక్క పూటే ఖాళీ ఉంటే నేనైతే బీచ్ మానేసి ఇక్కడికే రమ్మంటాను. టికెట్లు ముందే తీసుకోండి, బూట్లు, దోమల మందు మరవకండి. మీరిచ్చే డబ్బు ఈ అడవిని బతికించే పనికి తోడవుతుంది.