రేడియోకారు అడుగుభాగము

హవాయి ద్వీపములలో చివరి చక్కెర మిల్లు 2016లో మూతపడినను, కవాయి ఎఱ్ఱమట్టి ఎక్కడికిని పోలేదు. గుడికి కట్టిన తెల్లపంచెనే విడువని మట్టి మా మనుమని రేడియోకారును విడుచునా?

1984లో కాలిఫోర్నియా నుండి వెలువడిన ఆర్‌సి10 కారునకు అల్యూమినియపు అడుగుభాగముపై బంగారువన్నె పూత ఉండెను. గులకఱాళ్ళు ముందుగా గీచునది అట్టి పూతనే. గీత పడినచోట ఉప్పుగాలి చేరును. కావున కారు క్రొత్తదై యుండగనే అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అంటింపవలెను. ముందు జిడ్డు తుడిచి, మరమేకుల తలలకు రంధ్రములు విడువవలెను. లేనిచో ప్రతి మరమ్మతునకును పొర చింపవలసి వచ్చును. అంచు లేచి ఇసుక దూరినచో మాత్రము పొర లేకుండుటయే మేలు; ఆ ఇసుకయే ఆకురాయివలె లోపల అరగదీయును.

మనుమనికి అంత ఓపిక లేదు. వారమునకొకసారి కారును తిరగవేసి, అంచుల వెంబడి వ్రేలు పెట్టి చూచుట నా పనియైనది.