హేవిళంబి చివరి వారం

ఉగాది దగ్గరపడితే మన గుంపులో వేపపువ్వు ఎవరు తెస్తారు, హాలు ఎన్నింటికి ఇస్తారు, కవి సమ్మేళనానికి ఎంతమంది వస్తారు అనే మాటలే నడుస్తాయి. వాటి మధ్య ఈ ఫుట్‌బాల్ గోలేమిటని కొందరు విసుక్కోవచ్చు. మాకు మాత్రం ఉగాది అనగానే 2018 మార్చి 11 నుంచి 18 దాకా నడిచిన ఆ వారమే ముందు గుర్తొస్తుంది.

మేమంటే మారతహళ్లి వైపు నుంచి కంఠీరవ స్టేడియానికి వెళ్లే నాలుగైదు కుటుంబాలం. మా వైపు మెట్రో రాని రోజులు. బైయప్పనహళ్లి చేరడానికే సగం ఓపిక అయిపోయేది. అక్కడ రైలెక్కి కబ్బన్ పార్క్‌లో దిగి నడిచేవాళ్లం.

ఫుట్‌బాల్ మన ఆట కాదని మనలో చాలామంది అనుకుంటారు. 1951లో, మళ్లీ 1962లో భారత్‌కు ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ ఆయనే. 62 జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ వాడు. అయితే అవన్నీ మేము పుట్టకముందు సంగతులు. 2018 నాటికి ఐఎస్ఎల్‌లో తెలుగు ఊరి పేరుతో జట్టే లేదు, హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది 2019లో. కాబట్టి ఉన్న ఊరి జట్టే దిక్కు. పైగా బెంగళూరు ఎఫ్‌సీ కెప్టెన్ సునీల్ ఛేత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో. వాళ్ల నాన్నగారిది సైన్యంలో ఉద్యోగం, మనకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ ఒక్క ముక్క పట్టుకుని చుట్టరికం కలిపేశాం.

2013లో పుట్టిన ఈ క్లబ్బు ఐ-లీగ్ రెండుసార్లు గెలిచి ఐఎస్ఎల్‌లోకి వచ్చింది. వచ్చిన తొలి ఏడాదే 18 మ్యాచ్‌ల్లో 40 పాయింట్లతో పట్టికలో మొదట నిలిచింది. రెండో స్థానంలో ఉన్న చెన్నైయిన్‌కు 32. ఇక కప్పు మనదేనని అందరం లెక్కలు వేసేసుకున్నాం.

మార్చి 11 ఆదివారం, పుణేతో రెండో సెమీఫైనల్. పుణేలో జరిగిన మొదటి ఆట 0-0. ఇక్కడ ఛేత్రి రెండు కొట్టాక, 82వ నిమిషంలో వాళ్లు ఫ్రీ కిక్‌తో ఒకటి వేశారు. ఆ తర్వాత ఏడు నిమిషాలు మాలో ఎవరూ మాట్లాడలేదు, పల్లీల పొట్లం చేతిలో నలిగిపోయింది. 89వ నిమిషంలో మళ్లీ ఛేత్రి. 3-1.

ఫైనల్ 17న, శనివారం రాత్రి, మన కంఠీరవలోనే. మర్నాడు ఉగాది. హాలు అలంకరణకు ఆ సాయంత్రమే రమ్మన్నారు, మేము మధ్యాహ్నమే తోరణాలు కట్టేసి జారుకున్నాం. పంచాంగం చెప్పే పెద్దాయన ఒకరు గుమ్మంలోనే ఆపి, "అమావాస్య పూట ఫైనలేమిటయ్యా?" అన్నారు. అమావాస్య మనకే పనికిరాదు, తమిళులకు మంచిరోజే. ఎదుటిది చెన్నై జట్టని అప్పుడు మాకు తట్టలేదు.

తొమ్మిదో నిమిషంలో ఉదంత సింగ్ కొట్టిన క్రాస్‌ను ఛేత్రి గాల్లోకి దూకి తలతో గోల్లో వేశాడు. స్టేడియం ఊగిపోయింది. ఆ తర్వాత మైల్సన్ ఆల్వెస్, చెన్నై డిఫెండర్, రెండు కార్నర్లకు రెండుసార్లు ఎగిరాడు. రెండూ తలతోనే, రెండూ విరామం లోపే. 67వ నిమిషంలో రఫాయెల్ అగస్టో మూడోది వేశాడు. 92వ నిమిషంలో మికు ఒకటి తిరిగిచ్చాడు గానీ అప్పటికే ఆట అయిపోయింది. 2-3. ఏడాదంతా బాగా ఆడినవాడికి కాక ఆ ఒక్క రాత్రి బాగా ఆడినవాడికి కప్పివ్వడం న్యాయమా అని మాలో ఇప్పటికీ వాదన ఉంది. రెండు కార్నర్లకు ఒకే మనిషిని వదిలేసినవాళ్లు న్యాయం గురించి మాట్లాడకూడదని మాలో సగం మంది అభిప్రాయం.

తిరుగు రైల్లో నీలం చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన, మాకు ముక్కూ మొహం తెలియని మనిషి, మావైపు తిరిగి "నావు సోత్వి" అన్నాడు. కన్నడలో మేము అన్నా మనం అన్నా "నావు" ఒక్కటే. ఆయన తమ ఊరివాళ్ల సంగతి చెప్పాడో, మమ్మల్నీ కలుపుకున్నాడో మాటను బట్టి చెప్పలేం. అంతలో గుంటూరు నుంచి ఫోను వచ్చింది. ఏమైందని నానమ్మ అడిగితే, ఇక్కడే పుట్టి పెరిగిన మా పిల్ల "మనం ఓడిపోయాం నానమ్మా" అంది. ఆవిడ హడలిపోయి, "ఏది, పొలం కేసా?" అంది. ఆ రాత్రి మేము నవ్వింది అదొక్కసారే.

అంతకుముందు మా ఇళ్లల్లో "బెంగళూరు వాళ్లు గెలిచారు" అనేవాళ్లం. సెమీఫైనల్ రాత్రి కూడా అలాగే అన్నామేమో.

మర్నాడు విళంబి ఉగాది. మాలో నలుగురు ప్రార్థన గీతం పాడాలి, నలుగురికీ గొంతు లేదు. పక్క ఫ్లాటు కన్నడ ఆవిడ పొద్దున్నే వేపాకు, బెల్లం పళ్లెం పట్టుకొచ్చి, మా మొహాలు చూసి బెల్లం ఇంకొంచెం వేసి వెళ్లింది.

సరిగ్గా ఏడాదికి, 2019 మార్చి 17న, ముంబైలో గోవాతో ఫైనల్. అదనపు సమయంలో, 117వ నిమిషంలో, కార్నర్‌ను రాహుల్ భెకె తలతో గోల్లోకి తోశాడు. 1-0, కప్పు వచ్చింది. ఒకరింట్లో ఇరవైమందిమి కిక్కిరిసి టీవీలో చూశాం. పంచాంగం పెద్దాయనకు ఫోన్ చేస్తే, ఆ రోజు ఏకాదశి అని, గెలుస్తామని తనకు ముందే తెలుసని అన్నారు. మాకైతే ముందు ఒక్క ముక్క చెప్పలేదు.