పుట్టింటికి తిరిగివచ్చిన కథ

ఆసుపత్రిని రంగస్థలంగా చేసుకొని నవ్వించబూనడం కత్తిమీద సాము వంటిది. రోగి బాధను చూసి నవ్వితే అది క్రౌర్యం. బాధనే తలచుకొంటూ కూర్చుంటే హాస్యానికి చోటుండదు. బిల్ లారెన్స్ సృష్టించిన 'స్క్రబ్స్' ఆ సాము చేసి చూపిన అమెరికన్ హాస్య ధారావాహిక. 2001 అక్టోబరు 2న ఎన్‌బీసీలో మొదలయింది. సేక్రెడ్ హార్ట్ అనే కల్పిత ఆసుపత్రిలో కొత్తగా చేరిన జేడీ అనే కుర్ర వైద్యుడు తన మనసులో అనుకొనే మాటలే అందులో కథనం. ఆసుపత్రిలో చేరే ముగ్గురిలో ఒకరు మరణిస్తారని నాలుగవ ఎపిసోడ్ ఆరంభంలోనే చెప్పి, ముగ్గురు రోగులను పరిచయం చేస్తారు. ఆ ఒక్కరు ఎవరా అని మనం లెక్కలు వేసుకొంటూ ఉంటాం. చివరికి ముగ్గురూ పోతారు. అంతసేపూ నవ్విన మనకు నోట మాట రాదు.

దీన్ని ప్రసారం చేసింది ఎన్‌బీసీయే గాని, నిర్మించింది డిస్నీకి చెందిన టచ్‌స్టోన్ టెలివిజన్. ఎన్‌బీసీకి పోటీదారైన ఏబీసీ కూడా డిస్నీదే. అమెరికాలో ఇది వింతేమీ కాదు. నిర్మించేవారు ఒకరు, ప్రసారపు హక్కు కొనుక్కొనేవారు మరొకరు కావడం అక్కడ మామూలే. మన మాటల్లో చెప్పాలంటే, పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి. మెట్టినింట ఏడు సీజన్లు కాపురం చేసినా, అక్కడ దాన్ని నెత్తిన పెట్టుకున్నది తక్కువ. ప్రసారమయ్యే రోజూ, వేళా మారుతూనే ఉండేవి.

ఏడవ సీజనే ఆఖరిదన్నారు. ఇంతలో 2007 నవంబరులో హాలీవుడ్ రచయితల సమ్మె వచ్చిపడింది. 18 ఎపిసోడ్లు అనుకున్నది 11 దగ్గర ఆగింది. 2008 మే 8న ఎన్‌బీసీలో వచ్చిన చివరి ఎపిసోడ్, డాక్టర్ కాక్స్ తన కొడుకును నిద్రపుచ్చుతూ చెప్పే రాకుమారి కథ. ముచ్చటైన కథే, కాని అన్నేళ్ళ ప్రయాణానికి అది ముగింపు కాదు. వాక్యం మధ్యలో కలం పక్కన పెట్టినట్టుంది.

అప్పుడు పుట్టింటివారు పిలిచారు. 2009 జనవరి 6న ఏబీసీలో ఎనిమిదవ సీజన్ ఒకే రాత్రి రెండు ఎపిసోడ్లతో మొదలయింది. కొత్త ప్రేక్షకులను ఆకట్టుకోవడానికి మొదటి దానిలో కోర్ట్నీ కాక్స్ వంటి పేరున్న నటిని తెచ్చారు. రెండవ అరగంట మాత్రం ఎవరినీ ఆకట్టుకోవాలని తీసినట్టుండదు. జేడీ, అతని ప్రాణమిత్రుడు టర్క్, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న విందుకు బయలుదేరుతుంటారు. జార్జ్ అనే రోగికి ఆ రాత్రి గడవడం కష్టం. పక్కన తనవారెవరూ లేరు. విందు మానుకొని ఇద్దరూ అతని మంచం దగ్గర కూర్చుంటారు. చేయగల వైద్యం ఏమీ లేదు. చావంటే తమకూ భయమేనని వైద్యులే రోగితో చెప్పుకొంటారు. మధ్యలో నవ్వుకొంటారు కూడా. జార్జ్ వెళ్ళిపోతాడు. అంతే కథ.

దీన్ని నేను చూసింది మా పెదనాన్న పోయిన కొన్ని నెలలకు. ఆయన ఆఖరి నాలుగు రోజులూ ఐసీయూలో గడిచాయి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, ఒక్కొక్కరిని లోపలికి పంపేవారు. మిగతా వేళంతా మేము బయట ఇనుప కుర్చీలలో. పక్కన ఎవరో ఒకరు లేనిదే కంచం ముందు కూర్చోని మనిషి ఆయన. నాలుగవనాడు తెల్లవారుజామున తలుపు తీసి కబురు చెప్పారు. ఆ క్షణంలో ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాను. "మానిటర్ చూస్తూనే ఉన్నామండీ" అన్నారు. అది అబద్ధం కాదు. కాని నేనడిగింది అది కాదు.

ఆ ఎపిసోడ్ చూశాక దుఃఖం తగ్గిందని చెప్పలేను. నేనడిగింది అర్థంలేని ప్రశ్న కాదని మాత్రం తెలిసింది. కథ ఎన్‌బీసీ దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ ఇరవై నిమిషాలు ఉండేవే కావు.

2009 మే 6న జేడీ ఆసుపత్రి వదిలి వెళ్తుంటే, అన్నేళ్ళుగా తారసపడినవారంతా, పోయినవారితో సహా, నడవాలో నిలబడి అతణ్ణి సాగనంపుతారు. పుట్టింటివారు అక్కడితో ఊరుకోలేదు. ఆ ఏడాది చివర్లోనే కొత్త వైద్య విద్యార్థులతో తొమ్మిదవ సీజన్ తెచ్చారు. వేరే పేరు పెట్టాలన్నది లారెన్స్ కోరిక. పాత పేరే ఉండిపోయింది. 13 ఎపిసోడ్లతో 2010 మార్చిలో అదీ ముగిసింది. పాత నటులతో మళ్ళీ తెస్తామని 2025లో ఏబీసీ ప్రకటించింది. సాగనంపిన మనిషి మళ్ళీ గుమ్మంలో కనబడితే సంతోషమే. నా లెక్కలో మాత్రం ఆ నడవా దగ్గరే కథ పూర్తయింది.

ఎవరైనా అడిగితే, ఆ ఒక్క ఎపిసోడ్ చూడమని చెప్పను. మొదటినుంచీ చూడమంటాను. జార్జ్ పక్కన కదలకుండా కూర్చోగలిగేంత పెద్దవాళ్ళు కావడానికి ఆ ఇద్దరికీ ఏడేళ్ళు పట్టింది.