పరుపు మీది ముద్ర, బావిలోని నీరు

అరేబియా సముద్రానికీ వేంబనాడు సరస్సుకూ నడుమ, ఇసుక నేలపై, కాలువల అల్లికలో వెలసిన పట్టణం అలప్పుజ. పాత పటాలలో దీని పేరు అలెప్పీ. 18వ శతాబ్దంలో తిరువాన్కూరు దివాను రాజా కేశవదాసు ఇక్కడి రేవును వృద్ధి చేసి, సరస్సు మీదుగా వచ్చే సరకు సముద్రతీరానికి చేరేందుకు కాలువలు తవ్వించాడు. 1862లో వెలిగిన దీపస్తంభం నేటికీ తీరాన నిలిచి ఉన్నది. మిరియాలూ ఏలకులూ ఈ కాలువల మీదుగానే ఓడలకెక్కాయి. కాని లోకంలో ఈ ఊరికి పేరు తెచ్చినది సుగంధద్రవ్యం కాదు. కొబ్బరికాయ ఒలిచిన తరువాత మిగిలిపోయే డొక్క.

డొక్కలోని పీచును పేనితే తాడు అవుతుంది. మలయాళంలో తాడును ‘కయర్’ అంటారు. ఆ మాటే ఇంగ్లీషులో ‘కాయిర్’ అయి, సరకుతోపాటు దేశదేశాలు తిరిగింది. 1859లో జేమ్స్ డారా అనే వర్తకుడు అలప్పుజలో తొలి కాయిర్ కర్మాగారం స్థాపించాడు. గుమ్మాల ముందు పరిచే పట్టాలూ, నడవలలో పరిచే చాపలూ ఇక్కడి మగ్గాల నుండి ఐరోపా ఇళ్ళకు చేరాయి. ఆ మగ్గాల దగ్గర పనిచేసినవారే 1922లో తిరువాన్కూరు కార్మిక సంఘాన్ని నెలకొల్పారు. కేరళ కార్మికోద్యమ చరిత్రలో తొలి పుటలు ఈ పీచు దుమ్ములోనే వ్రాయబడ్డాయి.

కొబ్బరిపీచు ప్రకృతి సిద్ధమైనది. భూమిలో పుట్టి భూమిలో కలుస్తుంది. అందుకే నేడు కొబ్బరిపీచు పరుపుల మీద పచ్చని ఆకు బొమ్మలూ, ‘సహజం’, ‘పర్యావరణ హితం’ అన్న మాటలూ విరివిగా కనిపిస్తున్నాయి. ఆ మాటలలో నిజమెంతో తెలియాలంటే అంగడి వీధి నుండి కాదు, డొక్క నానిన నీటి నుండి మొదలుపెట్టాలి.

కాయల్ అని పిలిచే కేరళ ఉప్పుటేటి సరస్సుల ఒడ్డున పచ్చి డొక్కలను వలలలో కట్టి, పైన బురద కప్పి, నెలల తరబడి ఊరబెట్టడం అనాదిగా వస్తున్న పద్ధతి. ఆటుపోటుల నీరు లోపలికీ బయటికీ ఆడుతుండగా సూక్ష్మజీవులు పీచును పట్టి ఉంచే జిగురును మెల్లగా కరిగిస్తాయి. ఆరు నెలలకు, ఒక్కొక్కప్పుడు పది నెలలకు, డొక్క మెత్తబడుతుంది. అప్పుడు స్త్రీలు దానిని కొయ్య సుత్తులతో కొట్టి పీచు విడదీస్తారు. రాట్నం మీద పేనుతారు. బంగారు వన్నె గల ఆ పీచుకు వ్యాపారంలో ‘తెల్ల పీచు’ అని పేరు.

ఈ పద్ధతిలో యంత్రం లేదు, పొగ లేదు, రసాయనం లేదు. అయినా నీరు మూల్యం చెల్లించుకున్నది. డొక్క నుండి దిగే వగరు పదార్థాలు నీటిని నల్లబరుస్తాయి. కుళ్ళే క్రమంలో నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దూరం నుండే తెలుస్తుంది. అటువంటి మడుగులలో చేపా రొయ్యా నిలువలేవు. కాయంకుళం, అష్టముడి, కఠినంకుళం సరస్సుల ఒడ్డున ఒక ఇంటి స్త్రీకి కూలి ఇచ్చిన నీరే పొరుగింటి జాలరి వలను ఖాళీ చేసింది. 2002లో అష్టముడి, వేంబనాడు సరస్సులు రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలుగా గుర్తింపు పొందాయి. డొక్కల కొరత వలన, యంత్రాల రాక వలన ఊరబెట్టే మడుగులు క్రమంగా తగ్గాయి. తనకు కావలసిన పీచులో చాలా భాగాన్ని కేరళ పొరుగున ఉన్న తమిళనాడు నుండి తెప్పించుకొనడం మొదలైనది.

పరుపు కథ అక్కడికే దారి తీస్తుంది. తెల్ల పీచు ప్రధానంగా తాళ్ళకూ చాపలకూ పోతుంది. పరుపులో ఒదిగేది ముదురు కాయల డొక్క నుండి యంత్రం తీసే గోధుమవన్నె పీచు.

అలప్పుజ నుండి ఉత్తరంగా త్రిస్సూరు చేరి, అక్కడి నుండి తూర్పుకు తిరిగితే పడమటి కనుమల గోడ ఒకచోట హఠాత్తుగా విడిపోతుంది. అది పాలక్కాడ్ కనుమ. కేరళ గాలీ వానా ఆ సందులోంచే తమిళదేశంలోకి తొంగిచూస్తాయి. కనుమ దాటితే ఆనమలై కొండల పాదాన కోయంబత్తూరు జిల్లాలోని పొల్లాచి. కనుచూపు మేర కొబ్బరితోటలు. తోటల నడుమ రేకుల కప్పుల క్రింద పీచు తీసే యంత్రాలు. ముళ్ళు దిగిన ఇనుప డ్రము తిరుగుతుంటే డొక్క ఒక ప్రక్క పీచుగా, మరొక ప్రక్క పొట్టుగా చీలిపోతుంది. కేరళ మడుగులో నెలలు పట్టిన పని ఇక్కడ కొద్ది గంటల నానుడుతో, కొద్ది క్షణాల రాపిడితో ముగుస్తుంది. పీచును ఎండబెట్టి బేళ్ళు కట్టి లారీలకెక్కిస్తారు.

మిగిలేది పొట్టు. డొక్క బరువులో పీచు సుమారు మూడవ వంతు. తక్కినదంతా ఈ ఎర్రని మెత్తని పొట్టే. ఒక కిలో పీచు తీస్తే సుమారు రెండు కిలోల పొట్టు ప్రోగుపడుతుంది. లిగ్నిన్, టానిన్ పదార్థాలు అధికంగా ఉండడం వలన అది త్వరగా కుళ్ళదు. షెడ్ల ప్రక్కన గుట్టలుగా ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. వాన కురిసినప్పుడు గుట్ట నుండి కషాయం వంటి నీరు దిగి నేలలో ఇంకుతుంది. చుట్టుప్రక్కల బావులలో ఆ రంగు తేలినప్పుడు రైతుకు తెలుస్తుంది, తన నీటిలో ఏమి కలిసిందో.

ఒకప్పుడు బెడదగా తోచిన ఆ పొట్టుకే తరువాతి కాలంలో విలువ వచ్చింది. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచగల గుణం దానిది. శీతల దేశాలలో తోటమాలులు కుండీలలో వాడే పీట్ మట్టికి బదులుగా దీనిని వాడవచ్చునని తేలినది. పీట్ తవ్వితే అక్కడి చిత్తడి నేలలు నాశనమవుతాయి. కనుక ‘పీట్ లేని మట్టి’ అని ముద్రించిన సంచి కొనడం అక్కడ సత్కార్యం. అయితే పొట్టులోని ఉప్పు పోయేదాకా దానిని మంచినీటితో మళ్ళీ మళ్ళీ కడగాలి. శుభ్రమైన పొట్టు ఇటుకలుగా అచ్చుపోసుకొని ఓడ ఎక్కుతుంది. కడిగిన నీరు ఈ నేలలోనే ఉండిపోతుంది. ఒక దేశపు చిత్తడి నేలను కాపాడిన సంచి మరొక దేశపు బావి సంగతి చెప్పదు. 2021లో తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ఈ పరిశ్రమను కాలుష్యం లేని ‘తెల్ల’ వర్గం నుండి ‘నారింజ’ వర్గానికి మార్చింది. రైతులు ఊరట చెందారు. చిన్న యజమానులు ఆందోళన చెందారు. ఇద్దరి బ్రదుకూ ఒకే కొబ్బరిచెట్టు మీద ఆధారపడినదే.

పీచు పరుపుగా మారే తీరు కూడా చూడదగినది. బేళ్ళలోని పీచును మొదట తాడుగా పేని, ఆవిరి పట్టి మెలి నిలిచేలా చేస్తారు. కొంతకాలం తరువాత విప్పితే ప్రతి పోగూ సన్నని స్ప్రింగు వలె ముడుచుకొని ఉంటుంది. ఆ పోగులను పలకగా పరచి రబ్బరుపాలు చిమ్మి, వేడితో అదిమి గట్టిపరుస్తారు. ఆ పాలు కోట్టయం ప్రాంతపు రబ్బరుతోటల వంటి చోట్ల నుండి వస్తాయి. వాటిలో గంధకం, జింక్ ఆక్సైడు వంటివి కలుపుతారు. పాలు తగ్గిన ముదురు రబ్బరుచెట్టును కొట్టివేసినప్పుడు దాని కొయ్యకు బోరాన్ లవణాలు పట్టించి మంచాలూ బల్లలూ చేస్తారు. ఒకే చెట్టు పరుపుకు పాలూ మంచానికి కలపా ఇస్తుందన్నమాట.

ఇటువంటి వస్తువులను పరీక్షించి ముద్ర వేసే ఆలోచన 1978లో జర్మనీలో ‘నీలి దేవదూత’ గుర్తుతో మొదలైనది. ప్రపంచంలో ఈ తరహా పర్యావరణ ముద్రలకు అదే ఆద్యం. 1992లో ఐరోపా సమాజం పువ్వు గుర్తుతో తన ముద్రను ప్రవేశపెట్టింది. అదే సంవత్సరం బట్టలలో హానికర పదార్థాలను పరీక్షించే ఓకో-టెక్స్ ప్రమాణం వెలువడింది. 1993లో అటవీ యాజమాన్య మండలి ఏర్పడి, కలప ఏ అడవి నుండి ఏ తీరున వచ్చిందో తనిఖీ చేయసాగింది. చెక్కపొట్టు పలకల జిగురు నుండి గదిలోకి వెలువడే ఫార్మాల్డిహైడు వాయువుకు హద్దులు విధించడంలో ఈ ముద్రలు చేసిన మేలు చిన్నది కాదు. కొత్త బీరువా తెరిచినప్పుడు కళ్ళు మండడం అలవాటుగా భరించవలసిన సంగతి కాదని గృహస్థుడికి నేర్పినవి ఇవే.

అయితే ముద్ర చూపు ఎంతవరకు సాగుతుంది? ఐరోపా కూటమి 2014లో పరుపుల కోసం రూపొందించిన నియమావళిలో రబ్బరు నురుగుకూ, పాలీయురిథేన్ నురుగుకూ, జిగురుకూ, పైగుడ్డకూ విస్తారమైన షరతులు ఉన్నాయి. కొబ్బరిపీచుకు విధించిన షరతు మాత్రం క్లుప్తమైనది: పీచుకు రబ్బరుపాలు పట్టించి ఉంటే, రబ్బరు నురుగుకు వర్తించే నియమాలే దానికీ వర్తిస్తాయి. నిద్రించే మనిషి ముక్కుకు ఏమి సోకుతుందన్నది ఆ షరతులోని ప్రశ్న. డొక్క నానిన నీరు ఎటు పోయింది, పొట్టు గుట్ట ఎక్కడ నిలిచింది, పీచు కొట్టిన చేతికి ఎంత కూలి దక్కింది అన్నవి అందులో లేవు. పీచు ప్రకృతి సిద్ధం కనుక అడుగవలసినది అంతగా లేదన్న భావన దాని వెనుక ఉన్నట్లు తోస్తుంది. అలప్పుజ మడుగూ పొల్లాచి గుట్టా చూసినవారు ఆ భావనతో ఏకీభవించలేరు.

భారతదేశం కూడా ఈ దారిలో వెనుకబడలేదు. 1991లోనే కేంద్ర ప్రభుత్వం ‘ఎకోమార్క్’ పథకం ప్రకటించింది. దాని చిహ్నం మట్టికుండ. మట్టి నుండి పుట్టి, హానికర వ్యర్థమేదీ మిగల్చక, మళ్ళీ మట్టిలో కలిసే వస్తువు మరొకటి మన ఇళ్ళలో ఏమున్నది? గుర్తు బాగున్నది, కాని దానిని కోరి వచ్చిన సంస్థలు చాలా కొద్ది. గుర్తు ఉన్నదని కొనేవాడికి తెలియలేదు. కొనేవాడు అడగనిదానికై వ్యయపడడానికి తయారీదారు సిద్ధపడలేదు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం పాత పథకం స్థానంలో కొత్త ఎకోమార్క్ నియమాలు తెచ్చింది. మరుసటి నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, ‘పచ్చదనం’ పేరిట చేసే ప్రచారానికి ఆధారం చూపవలసి ఉంటుందని మార్గదర్శకాలు జారీ చేసింది. మూడవ పక్షం పరీక్షించి ఇచ్చిన ముద్ర ఒకటి, తయారీదారు తనకు తాను వేసుకొన్న ఆకుబొమ్మ వేరొకటి అన్న భేదాన్ని ఇకనైనా కొనేవారు గుర్తించడం అవసరం.

తెలుగునాట ఒకటి రెండు తరాల క్రితం వరకు పరుపుకు ముద్ర కావలసి రాలేదు. వేసవిలో దూది ఏకేవారు వింటినారి మోగిస్తూ వీధిలోకి వచ్చేవారు. పాత పరుపు విప్పి, అరుగు మీద బూరుగుదూది ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టి ఇచ్చేవారు. దూది ఏ చెట్టుదో, చేసిన చేయి ఎవరిదో, దుమ్ము ఎవరి గొంతులో దిగినదో ఇంటివారి కళ్ళ ఎదుటనే ఉండేది. నేడు పరుపు వందల మైళ్ళ నుండి ప్లాస్టిక్ తొడుగులో చుట్టుకొని వస్తున్నది. నాడు కళ్ళు చెప్పిన సాక్ష్యం నేడు ముద్ర చెప్పాలి. సాక్షి సగమే చూస్తే తీర్పు కూడా సగమే అవుతుంది.

దారి లేకపోలేదు. పొట్టు గుట్టకు అడుగున తొట్టి కట్టి, దిగిన నీటిని పట్టి మళ్ళీ వాడుకొనవచ్చును. కాయిర్ బోర్డు పరిశోధకులు ఒక జాతి పుట్టగొడుగు బూజుతో పొట్టును ముప్ఫై రోజులలో ఎరువుగా మార్చే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. వీటికి ఖర్చు ఉన్నది. ఆ ఖర్చును రేకుల షెడ్డు యజమాని ఒక్కడే భరించలేడు. పరుపు ధరలో, ముద్ర షరతులలో దానికి చోటు దొరకాలి.

ఈ ప్రశ్న పొల్లాచితో ముగిసేది కాదు. గోదావరి పాయల నడుమ కోనసీమలోనూ కొబ్బరితోటలు దట్టంగా ఉన్నాయి. అంబాజీపేట సంతకు వచ్చే కాయల వెనుక డొక్కలు మిగులుతాయి. అక్కడా పీచు యంత్రాలు తిరుగుతున్నాయి, పొట్టు ప్రోగుపడుతున్నది. అక్కడి బావులలో ఇంకా చేద వేసి నీళ్ళు తోడుకొనేవారున్నారు. పరుపు కొనడానికి వెళ్ళినవారు తొడుగు మీది ఆకుబొమ్మను చూపి, ‘ఈ ముద్ర ఎవరిచ్చారు, పీచు తీసిన ఊరిలో నీళ్ళెలా ఉన్నాయి?’ అని ఒక్కసారి అడగవచ్చును. అంగడివానికి సమాధానం తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే అతడు కర్మాగారాన్ని అడుగుతాడు. కర్మాగారం పొల్లాచిని అడుగుతుంది.