ప్రకృతమనుసరింతము

ప్రాచీన వ్యాఖ్యానములను చదువువారికి ఒక పద్ధతి సుపరిచితము. వ్యాఖ్యాత పద్యమునందలి ఒక పదమును గ్రహించి, దాని రూపసాధనకై వ్యాకరణసూత్రమునకు పోవును. ఆ సూత్రమునకు ఉదాహరణము వెదకుచు వేఱొక కావ్యమునకు పోవును. అచ్చటి పదమునకు అర్థము నిశ్చయించుటకై నిఘంటువును తెఱచును. ఇంత దూరము పోయియు దారి తప్పక, వచ్చిన త్రోవనే ఒక్కొక్క మెట్టు వెనుకకు వచ్చి, "ప్రకృతమనుసరింతము" అని మరల పద్యము కడ నిలుచును. పోవుటకంటె మరలి వచ్చుటయందే అతని పాండిత్యము తెలియును.

ఈ విద్య నేడు కంప్యూటరు ముందు కూర్చుండు పరిశోధకునకును అవసరమైనది. స్వరాష్ట్రమునకు దూరముగా తెలుగు బోధించుచున్న ఒక ఆచార్యుని అనుభవము దీనికి నిదర్శనము. ఆయన ఒక ప్రబంధమునకు పాఠపరిష్కరణము చేయుచుండెను. తాళపత్రముల ఛాయాచిత్రములు ఒక ఫోల్డరునందు, తొలి ప్రతి ఒకదానియందు, శోధితప్రతి వేఱొకదానియందు, పాఠాంతరముల పట్టిక మఱియొకదానియందు ఉండెను. ఆకుపై కనబడునది పకారమో వకారమో తేల్చుటకు ఈ నాలుగింటి నడుమ మాటిమాటికి తిరుగవలెను. మౌసుతో ఒక కిటికీని మూసి వేఱొకదానిని తెఱచులోపల, చూచిన అక్షరరూపము మనస్సునుండి జారిపోవుచుండెను. ఏబది దాటిన కన్నులకును మణికట్టునకును అది శ్రమయే.

ఆయన శిష్యురాలు ఒకతె లైనక్సు టెర్మినలునందలి కొన్ని ఆజ్ఞలను నేర్పినది. 'సీడీ' అని వ్రాసి ఫోల్డరు పేరు చేర్చినచో అందు ప్రవేశింపవచ్చును. పేరునకు బదులు రెండు చుక్కలు ఉంచినచో పై ఫోల్డరునకును, చిన్న గీత ఉంచినచో అంతకుముందున్న ఫోల్డరునకును పోవచ్చును. పేరు మొత్తము వ్రాయనక్కఱ లేదు. తొలి అక్షరములు వ్రాసి ట్యాబు మీట నొక్కినచో, వానితో మొదలగు పేరు ఒక్కటియే యున్నప్పుడు కంప్యూటరే దానిని పూరించును. తెలుగు పేర్లకు ఇది పెద్ద మేలు. ఏలయన, 'కఱవు', 'కరవు' అనునవి మనకు ఒకే మాటయైనను యంత్రమునకు వేఱువేఱు పేర్లు. టెర్మినలును ఒల్లనివారికి విండోసునందును ఆల్ట్ మీటతో పై బాణము నొక్కినచో పై ఫోల్డరును, ఎడమ బాణము నొక్కినచో వెనుకటి ఫోల్డరును లభించును.

ఫోల్డరులో ఫోల్డరును ఇముడ్చు ఏర్పాటు 1965లో మల్టిక్సు రూపకల్పనలో వివరింపబడి, 1969లో బెల్ ప్రయోగశాలలయందు పుట్టిన యూనిక్సు ద్వారా వ్యాపించినది. 1970వ దశకము చివర బిల్ జాయ్ బర్క్లీలో రచించిన సీ-షెల్లునందు 'పుష్‌డీ', 'పాప్‌డీ' అను జంట ఆజ్ఞలు ఉండెను. నేటి బాష్ షెల్లునందును అవి కలవు. మొదటిది, ఉన్న చోటును గుర్తుంచుకొని క్రొత్త చోటికి కొనిపోవును. రెండవది, కడపట గుర్తుంచిన చోటికి ముందుగా మరలించును. ఎన్ని మెట్లు పోయినను అన్ని మెట్లును తలక్రిందు వరుసలో వెనుకకు రావచ్చును. ఆచార్యుడు దీనిని విన్నంతనే, "ఇది మన వ్యాఖ్యాతల మార్గమే కదమ్మా!" అనెను.

వేగము చేతికి వచ్చినది. దానితోడనే ప్రమాదమును వచ్చినది. ఒకనాటి రాత్రి ఆయన తొలి ప్రతియందలి 'మూడవ ఆశ్వాసము'ను నకలు ఫోల్డరున భద్రపఱుపదలచెను. పై బాణము నొక్కి, మునుపు వాడిన ఆజ్ఞనే రప్పించి, దాని అర్థము "ఆ ఫైళ్లను ఇచ్చటికి తెమ్ము" అని యుండగా, ఎంటరు నొక్కెను. పంక్తి మొదట 'మూడవ ఆశ్వాసము' అను పేరు కనబడుచునే యుండెను. కాని ఆ పేరుగల ఫోల్డరు తొలి ప్రతియందును, శోధితప్రతియందును, నకలునందును కూడ కలదు. ఆయన నిలిచియున్నది శోధితప్రతియందు. ఒకే పేరుగల ఫైళ్లగుటచే పాతవి వచ్చి క్రొత్తవానిని కప్పివేసినవి. కంప్యూటరు ఒక్క మాటయైన అడుగలేదు. పదునొకండు దినముల శోధనము క్షణములో పోయినది.

మఱునాడు శిష్యురాలు సంగతి విని, కొంతసేపు ఊరకుండి, "గురువుగారూ, ఆజ్ఞ ఇచ్చుటకు ముందు తాము ఎక్కడ ఉన్నారో ఒక్కసారి అడిగి చూచుకొనవలసినదండీ" అనెను. అడుగు ఆజ్ఞ 'పీడబ్ల్యూడీ'. అది ఫోల్డరు పేరునే కాక, మూలమునుండి అచ్చటి వఱకు గల దారి నంతటిని చెప్పును. వంశమును చెప్పి పేరు చెప్పినట్లుండును. ఉన్న ఫైలును కప్పునపుడు అనుమతి కోరునట్లు 'సీపీ' అను నకలు ఆజ్ఞకు 'ఐ' అను గుర్తును చేర్చుటయు ఆమెయే నేర్పినది.

పెన్సిలుతో వ్రాసికొన్న కాగితములు కొన్ని మిగిలియుండెను. వాని సాయమున ఆచార్యుడు మూడవ ఆశ్వాసమును మొదటి పద్యమునుండి మరల శోధించెను. మొదటిసారి వకారముగా నిర్ణయించిన ఒకచోట ఈసారి పకారమే సరియైనదని తోచినది. పాఠాంతరముల పట్టికలో రెండింటిని ఉంచెను.

నేడు శిష్యులకు ఈ ఆజ్ఞలను చెప్పునపుడు ఆయన తొలుత 'పీడబ్ల్యూడీ'ని, పిదప 'పుష్‌డీ', 'పాప్‌డీ'ల జంటను, తుదకు తక్కినవానిని నేర్పుచున్నాడు.